అక్క చేపల తొట్టికి రెండు చోక్‌లు

మొన్న హన్మకొండల నేను పనిచేసే ఆఫీసు మెట్లకింద పాత ట్యూబ్‌లైట్ చోక్ ఒకటి కాలింది. వార్నిష్ మాడిన ఆ ఘాటు వాసన ముక్కుకు తగలంగనే రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. మా చిన్నప్పటి ఇంటి వాసన అది. మానుకోటల మా బాపుకు మోటర్ వైండింగ్ షాపు ఉండేది, ముందు గదిల షాపు, వెనుక రెండు అర్రలల్ల మేము. ఎండకాలం కాలిపోయిన బోరు మోటర్లు వాకిలి నిండ పడి ఉండేవి. బాపు రాగితీగె చుట్టుకుంట, వార్నిష్ పూసి ఎండకు పెట్టుకుంట ఉంటే, నేనూ మా సుజాతక్కా తెగిన తీగె ముక్కలతోని ఉంగరాలు చేసుకుని, అవి పెట్టుకున్న చేతులతోనే కచ్చకాయలాడేటోళ్లం. పండుగకు అమ్మ సకినాలు చుట్టి బట్ట మీద ఆరేస్తే ఆ నువ్వుల వాసన కూడ వార్నిష్‌ల కలిసిపోయేది.

అక్క నాకన్న ఐదేండ్లు పెద్దది. ఎనిమిదో తరగతిల లెక్కల గంటప్పుడు ఫిట్స్ వచ్చి పడిపోయింది. ఇంకో రెండుసార్లు గట్లనే అయ్యేసరికి, పిల్లలు జడుసుకుంటున్నరు, ఇంటికాడనే ఉంచుకొమ్మని బడోళ్లు చెప్పిండ్రు. వరంగల్ డాక్టర్ రోజుకు రెండు గోళీలు రాసి, ఒక్కపూట గూడ తప్పొద్దన్నడు. మినుకుమినుకుమనే వెలుతురు ముందట కూసోనియ్యొద్దన్నడు. ఆ గోళీలు మా ఊర్ల దొరకవు. నెలకోసారి బాపు బస్సుల వరంగల్ పోయి తెచ్చేది.

బదిలీ మీద పోతున్న ఒక టీచరమ్మ తన చేపల తొట్టిని మాకిచ్చి పోయింది. రెండు నల్లవి, నాలుగు బంగారు రంగువి. వాటికి అక్క తన బెంచీల కూసున్న పిల్లల పేర్లు పెట్టుకుంది. పొద్దంత పీటేసుకుని దాని ముందటనే ఉండేది. తొట్టి మూతల ట్యూబ్‌లైట్, దాని పక్కనే బరువైన రాగి చోక్ ఉండేవి. పొద్దుగూకి ఊరంత లైట్లేసుకునే యాళ్లకు వోల్టేజీ పడిపోయి ఆ ట్యూబు మినుకుమినుకుమని కొట్టుకునేది. ఒకనాడు గట్ల కొట్టుకుంటుంటేనే అక్క పీట మీదికెల్లి ఒరిగిపోయింది. బాపు వైరు గుంజి పారేసిండు. ఆ తర్వాత వారం దినాలు అక్క చీకటి తొట్టి ముందట చీకట్లనే కూసుంది.

గప్పుడు బాపు వరంగల్ నుంచి రెండు ఎలక్ట్రానిక్ చోక్‌లు తెచ్చిండు. వోల్టేజీ తక్కువున్నా ఇవి ట్యూబును కొట్టుకోనియ్యవని చెప్పిండు. ఆ ఆదివారం పని నాకిప్పటికీ కండ్లకు కట్టినట్టు ఉంటది. మళ్ల మూతలనే ఎందుకు పెట్టొద్దని అక్క అడిగితే, నీళ్ల ఆవిరి మూతకు పట్టి చుక్కలు చుక్కలుగ చోక్‌ల పడితే షాటైతదనీ, దాని వేడి నీళ్లకు తగులుతదనీ చెప్పిండు. తొట్టికి మూరెడు దూరంల, నీళ్లకన్న ఎత్తుల గోడకు చెక్క బిగించి, ఒకదాని వేడి ఇంకోదానికి తగలకుండ రెంటినీ ఎడంగ పెట్టిండు. వైర్లను ముందు కిందికి ఏలాడదీసి, తర్వాత పైకి తెచ్చి చోక్‌లకు కలిపిండు. వైరెంబడి నీటిచుక్క జారినా చోక్ దాకా ఎక్కకుండ కిందనే రాలిపోవాలని గట్ల చేసిండు. ఫిట్టింగ్ రేకుకు ఎర్త్ ఇచ్చిండు. ఒకటి పోయినా అక్కకు చీకటి కావొద్దని మూతల ఇంకో ట్యూబు బిగించి, ట్యూబుకో చోక్ పెట్టిండు. వైరు కొసలు ఒలిచి, మెలేసి, టేపు చుట్టింది అక్కనే. స్విచ్చు గూడ ఆమెతోనే ఏపిచ్చిండు. టిక్కుమనకుండ ఒక్కసారే తెల్లగ వెలిగింది. అక్క చానాసేపు చూసి, "బాపు, కండ్లు గుంజుతలేవు" అన్నది.

దగ్గర దగ్గర ఏడాది ఫిట్స్ రాలేదు. మళ్ల బడికి పంపుదామని అమ్మ అనుడు మొదలువెట్టింది.

గంతల తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బడులు బందైతే నాకు సంబురమే. రోడ్ల మీదనే వంటలు, రోడ్ల మీదనే ఆటపాటలు. బాపు షాపు మూసి పొద్దుగాల్నే దీక్ష టెంటుకు పోయేది. బస్సుల్లేవు, రైళ్లు ఆగినయి, కరెంటు గంటలకొద్ది పోతుంది. అక్క గోళీలు ఇంక పది దినాలకే ఉన్నయి. ఎవరి బండన్న అడిగి వరంగల్ పోయి రమ్మని అమ్మ అన్నది. టెంటుల అందరు కష్టపడుతుంటే మనమొక్కలమే బండెక్కి పోతే బాగుండదని, సమ్మె ఇయ్యాల రేపట్ల అయిపోతదని బాపు అనుకున్నడు.

"జర సగం సగం ఏసుకో బిడ్డా, బస్సులు నడువంగనే తెస్త" అని అక్కకు చెప్పిండు. బాపు చెప్పినట్టే అక్క గోళీని కత్తెరతోని సగం చేసుకుని ఏసుకుంది.

సద్దుల బతుకమ్మ నాడు పగటీలి, అమ్మ మలీద ముద్దలు కడుతుంటే, అక్క గునుగు పూలకు రంగులద్దుతుంది. చేతుల పువ్వు చేతులనే ఉండంగ పడిపోయింది. ఎప్పుడూ నిమిషంల ఆగేది, ఈసారి ఆగలేదు. ట్రాలీ ఆటోల ఏసుకుని దవాఖానకు తీస్కపోతుంటే రోడ్డుకడ్డంగ బండరాళ్లున్నయి. టెంటు కాడ బాపుతోని కూసునేటోళ్లే ఉరికొచ్చి వాటిని జరిపిండ్రు. అక్కడికెల్లి అంబులెన్సుల వరంగల్ పంపిండ్రు.

పన్నెండు దినాలకు ఇంటికి తీసుకొచ్చినం. చేపలన్నీ పైకి తేలి ఉన్నయి. అక్క చూసి ఏడుస్తదని నేను ఉరికి తొట్టికి అడ్డంగ నిలవడ్డ. అక్క నా భుజం మీదికెల్లి తొట్టిని చూసింది. వాటి పేర్లే కాదు, నా పేరు గూడ ఆమెకు యాదికి లేదు. తెల్లారి బాపు చోక్‌లు ఊడదీసి, తొట్టిని ఎవరికో ఇచ్చేసిండు. మళ్ల టెంటుకు పోలేదు. బండి ఎవలనన్న అడిగితే అయిపోతుండె అని, అన్నం ముందట కూసున్నప్పుడల్లా తనల తానే అనుకునేది.

తెలంగాణ వచ్చిన నాడు వాడంత పటాకులు కాల్చిండ్రు, గులాలు చల్లుకున్నరు. పక్కింటామె వచ్చి అక్క నోట్ల మిఠాయి పెట్టింది. అక్క నములుకుంట, "ఎవల పెండ్లి?" అని అడిగింది. బాపు లేచి అర్రలకు పోయి తలుపు దగ్గరేసుకున్నడు.

ఇప్పుడా వాకిలి లేదు, రోడ్డు వెడల్పుల పోయింది. గునుగు కోసుకొచ్చిన చెలకలు ప్లాట్లయినయి. కరెంటు పోదు. ఆ గోళీలు మా గల్లీ మందుల దుకాణంల దొరుకుతయి. అమ్మ తన పక్కకెల్లి అక్కను కదలనియ్యది. బాపు పోయి ఆరేండ్లాయె. నేను పోయినప్పుడల్లా అక్క నా మొఖం దిక్కు చూసి, ఎవల బిడ్డవని అడుగుతది. బాపు పేరు చెప్పుత.

"మంచిగున్నడా?" అంటది.

మంచిగున్నడని చెప్పుత.