లెక్కలోకి రాని ఉప్పు

మా అత్తయ్యను సబ్బుల కార్ఖానాలో అందరూ ఉప్పక్క అంటారు. నూనె, కాస్టిక్ సోడా కలిపి కాచే పెద్ద గుండిగలో అదను చూసి ఉప్పు చల్లడం ఆవిడ పని. ఉప్పు పడితేనే సబ్బు విడివడి పైకి తేలుతుంది. ఆ అదను ఆవిడ కంటికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. కానీ గుండిగ మీద పెత్తనం పదో తరగతి పాసైనవాళ్ళకే ఇస్తారు. దాని కోసమే ఈ వయసులో పరీక్షకు కట్టారు. మిగతావన్నీ గట్టెక్కాయి గానీ సైన్సు ముంచింది. ఇంట్లో కోడలు, అంటే నేను, సైన్సు టీచర్ని కాబట్టి ఆ భారం నా నెత్తిన పడింది.

ఓ సాయంత్రం ఆవిడ ఉల్లిపాయలు తరుగుతుంటే మొదలుపెట్టాను.

"క్రియాజనకాలంటే ఏంటత్తయ్యా?"

"చర్యలో పాల్గొనే పదార్థాలు."

బట్టీ బాగానే పట్టారు. "మరి సబ్బు తయారీలో అవేంటి?"

"నూనె, కాస్టిక్, ఉప్పు."

"ఉప్పు కాదు."

ఆవిడ చేతిలో కత్తి ఆగింది. "గుండిగలో వేస్తాం కదమ్మా."

"వేసినవన్నీ కావు. చర్యలో తాము మారిపోయి కొత్త పదార్థమయ్యేవే క్రియాజనకాలు. నూనె ఇక నూనెగా ఉండదు, కాస్టిక్ కాస్టిక్‌గా ఉండదు. ఉప్పు మాత్రం ఉప్పుగానే కింది నీళ్ళలో ఉండిపోతుంది."

"అంటే ఇన్నేళ్ళూ నేను చేసింది లెక్కలోకి రాదన్నమాట."

పాఠం చెబుతున్నాననుకున్నాను గానీ ఆవిడ మనసు నొప్పిస్తున్నానని తోచలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ నాతో ముక్తసరిగానే మాట్లాడారు. మా ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోయి, కూరలో ఉప్పు తక్కువైందని అనడానికి కూడా జంకాడు.

ఒకరోజు ఆవిడ కార్ఖానా నుంచి చిన్న కాగితం పొట్లం తెచ్చి నా ముందు విప్పారు. సబ్బు తీసేశాక మిగిలిన నీళ్ళను రేకు మీద పోసి ఆరబెట్టారట. తెల్లటి పలుకులు మిగిలాయి.

"నాలుక మీద పెట్టుకోలేదు కదా?"

"నాకంత పిచ్చి లేదులే. పలుకు చూస్తే తెలీదూ? ఉప్పే. నువ్వన్నదే నిజం."

ఒప్పుకున్నారు గానీ మొహంలో కళ లేదు. నాకు జాలేసింది.

"క్రియాజనకం కాదన్నానే గానీ అక్కర్లేదన్నానా అత్తయ్యా? అది పడకపోతే సబ్బు పైకెలా తేలుతుంది?"

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా," అన్నారు. ప్రాణం లేచొచ్చింది నాకు.

పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నూనె, కాస్టిక్ అని మాత్రమే రాసి వచ్చారు. ఫలితాలొచ్చిన వారంలోనే యజమాని గుండిగ పెత్తనం ఆవిడకు అప్పగించాడు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఆ సంగతి చెబితే సంతోషం పట్టలేక కౌగిలించుకున్నాను.

"మరి ఉప్పు చల్లే పని ఎవరికిచ్చారు?"

"ఎవరికీ ఇవ్వను. పరీక్షలో నీ మాట విన్నాను, చాలదూ?"