అడ్మిన్ అనే ఒక్క పేరు

మా ఆసుపత్రి స్కాన్ బొమ్మలన్నీ భద్రపరిచే స్టోరేజీ గదిలో నాకు పని. అక్కడ రెండు స్విచ్చులున్నాయి. ఏ సర్వర్ ఏ డిస్కుని చూడొచ్చో తేల్చేవి అవే. ఏ సర్వర్‌కి ఏ డిస్కో రాసిన ఆ విభజనల జాబితా మొత్తాన్ని ఒకేసారి స్విచ్చుల్లోకి ఎక్కించాలి. కొత్తది ఎక్కితే పాతది పోతుంది. మా సారూ, మా సీనియరూ, నేనూ, ముగ్గురం ఒకటే లాగిన్ వాడేవాళ్లం. దాని పేరు అడ్మిన్. ఇంటికి ఒకే తాళంచెవి ఉన్నట్టు ఉండేది, అందులో తప్పేమీ తోచలేదు.

చిన్నతనంలో గుండె జబ్బు వల్ల నన్ను బడికి పంపలేదు. పామర్రులో మా అమ్మే వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి చదువు చెప్పింది. ఆమెదొక పద్ధతి. నోటుబుక్కులో తప్పు రాస్తే చెరపనిచ్చేది కాదు. పక్కన సరైనది రాసి, కింద నా పేరులో మొదటి అక్షరం పెట్టమనేది. ఆ చదువే నాకింత అన్నం పెడుతోంది.

ఆ యేడు మహర్నవమి నాడు స్విచ్చులున్న ర్యాకుకి పసుపు రాసి బొట్లు పెట్టి, చామంతి దండ వేస్తున్నాను.

"కాస్త పక్కకి వెయ్యమ్మా. భక్తి సరే, దానికి గాలి కూడా ఆడాలిగా" అన్నారు మా సీనియర్. అందరం ఆయన్ని భాయ్ అంటాం. కాంట్రాక్టు ఉద్యోగం. నాకు ఈ పని నేర్పింది ఆయనే.

పూజలో పెట్టిన పనిముట్టుని మర్నాడు పొద్దుటిదాకా కదపకపోవడం మా అలవాటు. ఆఫీసు సర్వర్ల కోసం పొద్దున్నే ఒక కొత్త జాబితా తయారుచేశాను గానీ, ఎక్కించకుండా ఆపాను.

"ఇంటికెళ్లమ్మా, నేనుంటాను. రంజాన్‌కి నా డ్యూటీ నువ్వు చెయ్యలేదా?" అన్నారాయన.

ఆ సాయంత్రం స్కాన్ సర్వర్ ఒకటి చెడిపోతే, ఆయన వేరేది తగిలించి విభజనలో చేర్చారు. రిజిస్టర్‌లో రాసిపెట్టారు కూడా. మర్నాడు వచ్చి హారతిచ్చి, ఆ రిజిస్టర్ తెరవకుండానే నిన్నటి నా జాబితా ఎక్కించేశాను. ఆయన చేర్చిన సర్వర్ అందులో లేదు.

కాసేపటికి ఆపరేషన్ థియేటర్ నుంచి ఫోన్. తలకి దెబ్బ తగిలిన మనిషి బల్ల మీద ఉన్నాడు, స్కాన్ తెరుచుకోవడం లేదు. అప్పుడే ఇంటికి బయల్దేరిన భాయ్ బస్టాండు నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చి సరిచేశారు. డాక్టర్లు ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డారట. ఆ మనిషి బతికాడు. ఈ రోజుకీ దీపం పెట్టేటప్పుడు ముందు అతను బతికినందుకే దండం పెట్టుకుంటాను.

ఏ మార్పు ఏ పేరుతో జరిగిందో చూపే లాగ్‌ని సారు తీయించారు. సాయంత్రం మార్పు, అడ్మిన్. ఉదయం మార్పు, అడ్మిన్.

"నిన్న స్విచ్చు ముట్టుకున్నది మీరే కదా భాయ్?"

"నేనే సార్. నా వల్లే అయ్యుంటుంది."

"అయ్యుంటుంది ఏమిటండీ? అవతల ప్రాణం! ఈ నెలతో మీ కాంట్రాక్టు ఆపేయమని రాస్తున్నాను."

నా చేతిలో ప్రసాదం డబ్బా ఉంది. దాని మూత సర్దుకుంటూ నిలబడ్డాను. భాయ్ నా వైపు చూడను కూడా చూడలేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాను. అన్నం ముందు పెట్టుకుంటే అమ్మ నోటుబుక్కు గుర్తొచ్చింది. అన్నం డబ్బా మూసేసి సారు గదికి వెళ్లాను.

"ఉదయం మార్పు నాది సార్. రిజిస్టర్ చూడలేదు. భాయ్ తప్పేం లేదు."

సారు లాగ్ కాగితం పక్కన పెట్టి, "పొద్దున చెప్పలేకపోయావా?" అన్నారు.

భాయ్ ఉద్యోగం నిలబడింది. ఆ వారమే ఆ ఉమ్మడి లాగిన్ తీసేసి ముగ్గురికీ వేరువేరు పేర్లిచ్చారు. స్విచ్చుల్ని భాగాలు చేశారు. స్కాన్ల భాగం భాయ్‌కి, ఆఫీసు భాగం నాకు. స్కాన్ల వైపు నాకిప్పుడు కనబడను కూడా కనబడదు. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. కానీ నా పొరపాటు ఇక అటు వెళ్లదు, అది నాకు జరిగిన మేలే అనుకుంటాను.

"ఎందుకలా మీద వేసుకున్నారు?" అని ఒకసారి అడిగాను.

"నువ్వే చెప్తావనుకున్నానమ్మా. కాస్త ఆలస్యం చేశావంతే" అని టీ గ్లాసు అందుకున్నారు.

ఇప్పుడు నవమి మర్నాడు ముందు రిజిస్టర్ చదువుతాను. హారతి ఆ తర్వాతే.