కాలవ అవతలి కీచురాయి

మా చిన్నప్పుడు... పొద్దు వాలగానే గోరింట దడిలో ఒక సన్నని పాట మొదలయ్యేది. పాడేది లేతాకు రంగు కీచురాయి... చిటికెన వేలి గోరంత ఒళ్లు, ఒంటికన్నా పొడుగైన దారపు మీసాలు. నేల మీద తిరిగే నల్లది కాదు, పొదను వదలని రకం.

కాలవ అవతల ఆ జాతే లేదని ఊరంతా నమ్మేది. హైస్కూలు ఉన్నదీ కాలవ అవతలే... ఆడపిల్ల ఒంటరిగా వంతెన దాటి, సందెవేళకు తిరిగి రాగలదా అని నాన్న తేల్చుకోలేకపోయారు. నాయనమ్మ వద్దనేసింది. నా చదువు అయిదో తరగతితో ఆగేలా ఉంది.

మేనత్త కొడుకు డేవిడ్ బావ ఉడికించాడు. "కాలవ దాటితే నీ కీచురాయే బతకదంట. నువ్వేం బతుకుతావే రూతూ?"

ఆ సాయంత్రమే, ఎవరినీ అడగకుండా వెళ్లాను. అవతలి గట్టు మీది పొదల్లో ఏ చప్పుడూ లేదు... వెనుదిరగబోతుంటే గుర్తొచ్చింది, అడుగు చప్పుడయితే అది పాట ఆపేస్తుందని. కదలకుండా నిలుచున్నాను. కాసేపటికి ఒకటి అందుకుంది... తరువాత గట్టు పొడవునా పాటే. అందరూ కబుర్లాడుకుంటూ నడిచే దారి అది, ఇక వినిపించేదెలా?

ఒకదాన్ని గుప్పిట్లో పెట్టి తెచ్చాను. మన దడిలోదే పట్టి తెచ్చావని బావ కొట్టిపారేశాడు. నాయనమ్మ నా పరికిణీ అంచుకు అంటుకున్న ఉత్తరేణి గింజలు ఏరసాగింది. మా వైపు గట్టు పశువులు తొక్కిన బోడి నేల... ఉత్తరేణి అవతలే మొలిచేది.

"పురుగు కోసం ఎల్లొచ్చింది, పుస్తకాల కోసం ఎల్లలేదా? పంపించరా," అంది నాన్నతో.

ఆ వంతెన దాటిన నడకే కాలేజీకి, ఆసుపత్రికి, సౌదీలోని ఈ అభా కొండలకు తీసుకొచ్చింది. నర్సుగా ఇక్కడే తల నెరిసింది... ఇక్కడ ఉండనిచ్చే కార్డు, ఇఖామా, మళ్లీ రెన్యువల్ చేయించుకున్నాను, ఎవరి సలహా అడగలేదు. నిన్న సాయంత్రం మెట్ల పొలాల పైన ఒక పొద పాడింది. వార్డులోని మన తెలుగమ్మాయి ఫోనులో వెతికి, "ఆ జాతి ఇక్కడుండదంట, సిస్టర్," అంది. కావచ్చు... దాని దూరపు చుట్టమేమో. రేపు వెళ్లి చూసి చెబుతానన్నాను.

ఈ రోజుల్లో ఎక్కడ ఏది ఉంటుందో చేతిలోని తెర చెప్పేస్తోంది... సుఖమే. కానీ పొద ముందు ఊపిరి బిగబట్టి నిలుచునే వాళ్లే కనబడడం లేదు. మీరు చివరిసారి అలా నిలబడి విన్నది దేన్ని... చెబుతారా?