ఎండలో చెమర్చిన కత్తి

దయ్యాలనూ పూనకాలనూ నేనెప్పుడూ నమ్మలేదు. చదువు పదో తరగతితో ఆగినా, కనిగిరి లైబ్రరీలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి. నేను చూసింది చూసినట్టే రాస్తున్నాను.

సెల్‌ఫోన్లు మా ఊరికింకా రాని రోజులు. అన్నయ్య కిడ్నీలు రెండూ పాడై, గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆసుపత్రిలో ఉన్నాడు. ఒళ్ళంతా నీరు పట్టింది. మంచినీళ్ళు కూడా కొలిచి పట్టమన్నారు డాక్టరుగారు. వదిన దగ్గరుంది.

మా ఇంట్లో ఒక పాత కత్తి ఉంది. ఎప్పుడో యుద్ధంలో పోయిన మా పూర్వీకుడిదట. వీరుడని కొలుస్తాం. ఏటా దసరాకు తడి పసుపు పూస్తారు. పూసిన పసుపు తుడవకూడదంటారు. అలా పొర మీద పొర గట్టిపడి, లోపల ఇనుమును తుప్పు తినేసింది. అంచు గాట్లుపడింది, పిడి ఊగిపోతోంది.

"వీరుడు పుచ్చిపోతుంటే పెద్దోడు ఎట్టా బాగుపడతాడ్రా? నీ పుస్తకాల్లో దీనికేమన్నా ఉందా?" అంది అమ్మ.

ఉంది. పసుపు పెచ్చులు గీకి, కిరసనాయిల్లో నానబెట్టి, ఇటుక పొడితో తోమాను. పిడి బిగించమని తీసుకెళితే మా ఊరి కమ్మరి నవ్వాడు.

"ఏరా లైబ్రరీ, ఎవరి మీదికిరా యుద్ధం?"

అన్నయ్య కోసమని చెప్పాక వెంటనే బిగించి ఇచ్చాడు. కత్తికి ఆముదం రాసి వసారాలో గోడకు ఆనించాను. దానికి నీటి చుక్క తగలనివ్వొద్దని అమ్మకు చెప్పాను.

మర్నాడు మధ్యాహ్నం చూస్తే కత్తి నిండా నీటి బొట్లు. రోహిణి కార్తె ఎండ. చల్లటి లోహం మీద గాలిలోని తేమ పేరుకుంటుందని నాకు తెలుసు. కానీ ముట్టుకుంటే కత్తి వేడిగా ఉంది. పక్కనున్న గడ్డపార, కొడవలి పొడిగా ఉన్నాయి. కండువాతో తుడిచాను. మళ్ళీ చెమర్చింది. మళ్ళీ తుడిచాను. భయపడుతుందని అమ్మకు కూడా చెప్పలేదు.

తెల్లారి బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. అన్నయ్య పెదాలు పగిలి నల్లబడ్డాయి. నన్ను చూసి కళ్ళు తెరిచాడు.

"ఒరేయ్ చిన్నోడా, ఎందుకురా తుడుస్తావు? ఆ నీళ్ళు నాకియ్యరాదూ."

"నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే మాటయ్యా. తుడవొద్దని చెప్పమంటాడు. దేన్నంటే చెప్పడు" అంది వదిన.

"కత్తి మీదవి" అన్నాడు అన్నయ్య.

నర్సమ్మను అడిగి, దూది తడిపి పెదాలకు అద్దాను.

"ఇవి కాదురా" అని మొహం తిప్పుకున్నాడు. ఆ సాయంత్రమే పోయాడు.

కత్తి చెమర్చడానికి కారణం ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆ సంగతి ఆయనకెలా తెలిసిందో అసలే తెలియదు. కత్తికి మళ్ళీ తుప్పు పట్టలేదు. ఏటా రోహిణి ఎండల్లో దాని ముందు గిన్నె పెట్టుకుని కూర్చుంటాను. పొడిగానే ఉంటుంది.