అవ్వ పొయ్యి మీద పడిన ఎండ

కొత్తగా కోసిన చెక్క వాసనా, ఆరీ ఆరని తెల్లరంగు వాసనా కలిసి కొన్నాళ్ళుగా మా ఇంటిని వదలడం లేదు. నెల్లూరులో మా అపార్టుమెంటు వంటగది అగ్గిపెట్టె అంత ఉంటుంది, దాన్ని బాగుచేయడానికి వచ్చిన డిజైనరు అమ్మాయి ఫోనులో బొమ్మలు చూపించి, "ఇది స్కాండినేవియన్ స్టైల్ ఆంటీ" అంది. యూరప్ ఉత్తరాన ఉన్న ఆ దేశాల్లో చలికాలమంతా సూర్యుడు మొహం చాటేస్తాడట, అందుకని వచ్చిన కాస్త వెలుతురునే గోడలకు తెలుపు వేసి, లేతరంగు చెక్క బల్లలు పెట్టి, కిటికీకి ఏదీ అడ్డం రాకుండా సర్దుకుని గదంతా పంచుకుంటారట. నేను బుద్ధిగా తలూపాను గానీ, ఏ దేశం పేరూ తెలియకుండానే ఈ విద్య మా అమ్మకు తెలుసునని చెప్పాలని నోరు ఒకటే దురద. ఆ అమ్మాయికి పని తొందర, వినే తీరిక లేదు, కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఊరు గూడూరుకు తూర్పున, గాలి ఇటు తిరిగితే సముద్రపు హోరు వినిపించేంత దగ్గరలో ఉండేది. ఎండకు మాకెప్పుడూ కరువు లేదు. వేసవిలో తాటిముంజల నీళ్ళు మోచేతుల దాకా కారుతుంటే నాక్కుంటూ, పచ్చి మామిడి ముక్కకు ఉప్పూకారం అద్దుకుని పళ్ళు పులిసేదాకా తింటూ, కాళ్ళు కాలే ఇసుకలో సరుగుడు తోపు నీడ కోసం పరుగులు పెట్టేవాళ్ళం. ఇంత ఎండ ఉన్న ఊళ్ళో మా వంటగది మాత్రం పట్టపగలు కూడా చీకటి గుయ్యారం. తూర్పున కిటికీ పెడితే సముద్రపు గాలికి పొయ్యి ఆరిపోతుంది, కూరలో ఇసుక పడుతుంది అని పూర్వం ఎవరో పెద్దమనిషి గోడ మూసి కట్టించాడు. సరుగుడు కట్టెల పొగకు ఆ గోడలు, దూలాలు, పైనున్న పెంకులు అన్నీ కలిసి ఒకే నలుపు అయిపోయాయి.

ఆ చీకటికి మహారాణి మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ. ఉప్పు ఎక్కడుందో, మెంతులు ఏ డబ్బాలో ఉన్నాయో ఆమె చేతికి తెలుసు. చింతపండు పులుసులో మామిడికాయ ముక్కలు వేసి మట్టి చట్టిలో ఆమె కాచే చేపల పులుసు ఆ పూట కంటే మర్నాటికి రుచి, ఆ మర్నాటి కోసం పిల్లలం కొట్టుకునేవాళ్ళం. ఆమె పొయ్యి దగ్గరకు మా అమ్మను కూడా రానిచ్చేది కాదు. వంకాయలు తరగడం, నూరడం అమ్మ వంతు, గరిటె మాత్రం అవ్వది.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు మా ఇంటికి భోజనానికి వచ్చారు. అవ్వ బొచ్చెచేప పులుసు పెట్టింది. నోట్లో పెట్టుకోగానే చేదు, నాలుక చివరి నుంచి గొంతు దాకా చేదు. చేప పొట్టలో ఆకుపచ్చగా చిన్న చేదుసంచి ఉంటుంది, కోసేటప్పుడు అది చిట్లితే చట్టి మొత్తం విషమే. పాస్టరుగారు మంచివారు, మొహం చిట్లించకుండా మజ్జిగ పోయించుకున్నారు. ఆయన అటు వెళ్ళాక నాయన నెమ్మదిగానే అన్నాడు.

"నీకు కళ్ళు ఆనడంలేదు గదమ్మా. ఇంక పొయ్యి కాడికి పోబాక. నీ కోడలు చూసుకుంటది."

అవ్వ గరిటె కింద పెట్టేసింది. వసారాలో గోడవైపు తిరిగి పడుకుంది, పిలిస్తే అన్నానికి లేవలేదు. ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమెకు ఉన్నది ఆ పొయ్యి ఒక్కటే, అదీ పోతే ఇంట్లో ఆమె చుట్టం కింద లెక్క. ఆమెను అలా చూడడం నాకు భయంగా ఉండేది.

అత్త చేతిలోంచి గరిటె ఎప్పుడు జారుతుందా అని కాచుకుని కూర్చునే కోడళ్ళను మా ఊళ్ళో చాలామందిని చూశాను. మా అమ్మకు ఆ గరిటె చెయ్యి చాపితే అందేటట్టు వచ్చింది. ఆమె తీసుకోలేదు.

"ఆ గుహలో నాకూ కనపడదు. నా కళ్ళకేం రోగం?" అని నాయన మీదికి వెళ్ళింది. "ముందు పైన ఒక అద్దం పెంకు ఎయ్యండి, తర్వాత మాట్లాడదాం."

వానాకాలం కారుతుందని నాయన, తుఫాను గాలికి ఎగిరిపోతుందని పక్కింటివాళ్ళు. అమ్మ వినే రకం కాదు. చివరికి నాయన గూడూరు వెళ్ళి గడ్డిలో చుట్టిన అద్దం పెంకును బస్సులో ఒళ్ళో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు. అమ్మ ఆలోపే గోడల మసి గీకించి, గుల్ల సున్నం తెప్పించి, తెలుపు మెరవాలని అందులో నీలిమందు కలిపింది. చెయ్యి జారి కాస్త ఎక్కువే పడినట్టుంది, ఆరాక గోడలు లేత నీలంగా తేలాయి. మా పేటలో సున్నాలు వేసేది క్రిస్మస్‌కి, అరిసెల పాకం వాసనతో పాటే సున్నం వాసన రావాలి. నడివేసవిలో మా గోడలు చూసి, "ఏమ్మా, మీకు పండగ ముందే వచ్చిందా?" అని దారినపోయేవాళ్ళంతా ఆటపట్టించారు. మసిపట్టిన పాత అలమర తీసేసి, రంగు వేయని లేత మామిడి చెక్క బల్ల కొట్టించింది. దాని మీద తోమిన ఇత్తడి గిన్నెలు బోర్లించేసరికి, పైనుంచి దిగిన ఎండ వాటి మీద పడి మూలమూలకూ వెళ్ళింది. పిల్లలం ఆ ఎండ పడిన చోట అష్టాచెమ్మా గీసుకుని, అది జరిగినప్పుడల్లా మేమూ జరిగేవాళ్ళం.

అవ్వ ఆ గదిలోకి తనంతట తాను వచ్చింది. అమ్మ తెచ్చిపెట్టిన చేపను ముందర వేసుకుని ఎండలో కూర్చుంది. పొట్ట చీల్చి, కంటికి దగ్గరగా తెచ్చుకుని చూసింది, దూరం పెట్టి చూసింది. చెయ్యి ఆగిపోయింది. అంత వెలుతురులోనూ ఆమెకు కనపడలేదు. అమ్మ గడప దగ్గరే నిలబడి చూస్తోంది తప్ప ముందుకు రాలేదు, ఆ నిమిషంలో ఆమె మొహం కూడా వాడిపోయింది.

"ఇట్రా మే," అంది అవ్వ చివరికి. "చేదు యాడుండాదో చూసి తియ్యి. కళ్ళు నీయి, చెయ్యి నాది."

ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే వండారు. పూర్వపు చీకట్లో తడుముకుంటూ ఒక్క మనిషే తిరగగలిగే గదిలో ఇప్పుడు ఇద్దరూ ఒకరి కాలు ఒకరు తొక్కకుండా తిరిగేవాళ్ళు, కబుర్లు చెప్పుకునేవాళ్ళు, పోట్లాడుకునేవాళ్ళు కూడా. అవ్వ పోయేదాకా గరిటె ఆమెదే.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. గుల్ల కాల్చి సున్నం అమ్మేవాళ్ళు మా వైపు నాకు కనిపించడం లేదు, చేపలను బజారులోనే శుభ్రం చేసి సంచిలో వేసి ఇస్తున్నారు, చేదుసంచి ఏ రంగులో ఉంటుందో మా అమ్మాయికి తెలియదు. నా కొత్త వంటగది మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది, డిజైనరు అమ్మాయి పనిమంతురాలు, ఒప్పుకుని తీరాలి. మొన్న ఆదివారం అందులో మొదటిసారి చేపల పులుసు పెట్టి, నా దగ్గరే ఉంటున్న అమ్మకు వడ్డించాను. నా పులుసుకు పేరుంది, వచ్చినవాళ్ళు అడిగి మరీ వేయించుకుంటారు. అమ్మ మొదటి ముద్ద తిని, "బాగుండాది" అని ఇంకొంచెం అన్నం పెట్టమంది. నేను పెట్టాను. అవ్వ చేతి పులుసు రుచి మా ఇద్దరికీ గుర్తే, ఆమె మాట మాత్రం ఎత్తలేదు.