నంబర్ అంటే అంకె కాదు

తమిళ ఊరు తుడియలూరులో మోటారు పంపులు చేసే ఒక కంపెనీలో కృష్ణరాజ్ ఫిట్టరు. తయారైన పంపును తొట్టి మీద బిగించి, నిమిషానికి ఎన్ని లీటర్లు తోడుతుందో చూసి చీటీ రాయడం ఇరవై ఆరేళ్లుగా ఆయన పని. పదో తరగతి దాకా తమిళంలో చదివాడు. ఇంట్లో తెలుగే, కానీ దాన్ని చదవడం రాదు.

క్రాస్‌వర్డ్ ఆయనకి మధ్యాహ్నం అన్నం పొట్లంతో వచ్చింది. పొట్లం చుట్టిన ఇంగ్లీషు పేపర్లో "ఈజిప్షియన్ ఫ్లవర్, నాలుగక్షరాలు" అని ఉంది. ఆ దేశంలో ఏం పూలు పూస్తాయో తెలియక, బస్‌స్టాప్ దగ్గర పూలమ్మే రాసాత్తిని అడిగాడు.

"మల్లెలు కావాలంటే చెప్పన్నా, ఈజిప్టు పూలకి నేనేడ పోయేది?" అందావిడ.

ఆ పేపరుకి మర్నాటిది సంపాదించి చూస్తే జవాబు 'నైల్'. నది పువ్వెట్లా అయింది? పదకొండు రోజులు అదే ఆలోచన. ఒక రోజు పంపు పరీక్షిస్తుంటే మీటరు మీదున్న 'ఫ్లో' అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది. ఫ్లో అంటే పారడం. పారేది ఫ్లో-అర్. రాస్తే రెండూ ఒకటే! స్పానరు పట్టుకుని తనలో తను నవ్వుతున్న మనిషిని చూసి, సూపర్‌వైజరు పళనివేల్ ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఆ రోజు నుంచి క్రాస్‌వర్డ్ వదల్లేదు. అంతోని అనే రిటైరైన పోస్టుమాస్టరు వాట్సాప్ గ్రూపు పెడితే అందులో చేరాడు. కృష్ణరాజ్ అక్కడ రోజూ ప్రతి క్లూకీ ఆ జవాబు ఎందుకు వచ్చిందో చిన్నపిల్లలకి చెప్పినట్టు తమిళంలో విడమరిచి రాసేవాడు. ఎవరో 'ప్రొఫెసర్ సార్' అని పిలిచారు. ఆ తర్వాత రెండు వందల మందీ అలాగే పిలిచారు. ఆయన కాదనలేదు. వినడానికి బాగుంది మరి.

కిందటి ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, ఒక క్లూ వచ్చింది: "నంబర్ బిఫోర్ ఆపరేషన్, అయిదక్షరాలు." జవాబు 'ఈథర్'. కృష్ణరాజ్ ఇట్టే రాసేశాడు: నంబర్ అంటే త్రీ, దాని అక్షరాలకి ఆపరేషన్ చేసి అటూ ఇటూ మారిస్తే ఈథర్ వస్తుంది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు.

దిండిగల్ నుంచి ఇందుజ అనే కొత్త అమ్మాయి మాత్రం వేరేగా రాసింది. "నేను ఆపరేషన్ థియేటర్లో నర్సును సార్. ఇక్కడ నంబర్ అంటే అంకె కాదు. నమ్-అర్, నమ్ చేసేది, అంటే తిమ్మిరెక్కించేది. స్పెల్లింగ్ ఒకటే. ఈథర్ పాత మత్తుమందు, ఆపరేషన్‌కి ముందు ఇచ్చేవాళ్లు. మీరు చెప్పినట్టయితే క్లూలో జవాబుకి అర్థం చెప్పే మాటే మిగలదు."

చదవగానే ఆమెదే సరైనదని కృష్ణరాజ్‌కి తెలిసిపోయింది. అయినా వేళ్లు ఊరుకోలేదు. "క్లూలు రకరకాలుగా ఉంటాయి, అనుభవం మీద తెలుస్తుంది" అని కొట్టాడు. దాంతో మిగతావాళ్లు అందుకున్నారు. ప్రొఫెసర్ సార్‌కే పాఠాలా, నిన్నగాక మొన్న వచ్చి ఇంత పొగరా అన్నారు. సాయంత్రానికి ఇందుజ గ్రూపులోంచి వెళ్లిపోయింది.

రెండు రోజులు ఆయనకి ముద్ద దిగలేదు. భార్య సుజిత గట్టిగా అడిగితే జరిగింది చెప్పాడు.

"ఆ బిడ్డ చెప్పింది సరేనా?"

"సరే."

"అయితే ఇంకేమి చూస్తా ఉండావు?"

"ఇన్నాళ్లూ నన్ను ప్రొఫెసర్ అనుకోనుండారు."

"నువ్వు అవునన్నావా?"

"కాదనలేదు."

సుజిత ఫోను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన రాయడానికి గంట పట్టింది. ఇందుజ చెప్పిందే సరైన వివరణ అనీ, అది తెలిసీ తాను ఒప్పుకోలేదనీ, ఆమెను మాటలన్నవాళ్లకంటే తన తప్పే ఎక్కువనీ రాశాడు. చివర, తాను ప్రొఫెసర్ కాదనీ, పంపుల ఫిట్టరుననీ రాశాడు. పంపేసి, అంతోని దగ్గర నంబరు తీసుకుని ఇందుజకి ఫోన్ చేశాడు. తమిళంలో క్షమాపణ అడుగుతుంటే మాట తడబడింది. పక్కనుంచి సుజిత తెలుగులో, "మెల్లగా చెప్పు, తొందరేమి?" అంది.

అటువైపు ఇందుజ ఉలిక్కిపడింది. "అయ్యో, మీ ఇంట్లోనూ తెలుగేనా, పెదనాయనా? మేమూ తెలుగే మాట్లాడేది!"

'సార్' పోయి 'పెదనాయన' వచ్చేసరికి ఆయనా తెలుగులోకి దిగాడు. "గ్రూపుకి మళ్లీ రామ్మా" అన్నాడు.

"వస్తాను. మళ్లీ తప్పు రాస్తే మళ్లీ చెప్తాను, కోపం పడకూడదు."

"చెప్పకపోతేనే కోపం."

ఇందుజ తిరిగి వచ్చింది. ఆమెను తిట్టినవాళ్లలో కొందరు క్షమించమన్నారు, కొందరు ఏమీ ఎరగనట్టు ఊరుకున్నారు. ఇద్దరు, ఫిట్టరు దగ్గర నేర్చుకోవడమేమిటనుకున్నారో ఏమో, వెళ్లిపోయారు. ఆ సంగతి కృష్ణరాజ్‌ని కొంచెం బాధపెట్టింది.

ఒక వారం తర్వాత ఒక క్లూకి జవాబు దొరికింది గానీ, అదెట్లా వచ్చిందో కృష్ణరాజ్‌కి ఎంతకీ అంతుపట్టలేదు. ఇందుజ డ్యూటీలో ఉంది. "జవాబు ఇది. ఎట్ల వచ్చిందో నాకు తెలీదు" అని రాసి ఆయన పనికెళ్లిపోయాడు. టీ విరామంలో చూస్తే వివరణ వచ్చి ఉంది. రాసింది వీరప్ప, పొల్లాచ్చిలో కొబ్బరి వ్యాపారి, గ్రూపులో మూడేళ్లుగా ఉన్నా ఏనాడూ ఒక్క మాట రాయని మనిషి. కృష్ణరాజ్ నూనె చేతులు తుడుచుకుని రెండుసార్లు చదివాడు. నిజంగానే సరిపోయింది. "ఇదే కరెక్టు అన్నా, రేపు కూడా రాయండి" అని పంపి, టీ తాగడానికి వెళ్లాడు.