రావమ్మకి లాంగ్ బెల్లు

మా హైస్కూల్లో లాంగ్ బెల్లు సాయంత్రం కాకుండా మధ్యలో మోగిందంటే ఎవరో పోయినట్టే. రిటైరైన మేష్టారో, పాత సర్పంచో. ఆ పూటకి సెలవు. పోయిందెవరో పిల్లలకి అక్కర్లేదు. "హే!" అని ఒకటే అరుపు, సంచులు తగిలించుకుని గేటు వైపు పరుగు.

కొట్టేది అటెండరు నతానియేలు. వేపచెట్టుకి వేలాడే రైలుపట్టా ముక్క, చేతిలో సుత్తి. పిల్లల్ని ఆపేది ఆయన భార్య రావమ్మ. బళ్ళో మధ్యాహ్నం భోజనం వండేది ఆమే. లాంగ్ బెల్లు వినపడగానే గరిటెతో సహా వచ్చి గేటుకి అడ్డం నిలబడేది.

"పోయినోళ్లు ఎటూ పోయారు, మీరు తిని పొండ్రా!"

తర్వాత మొగుడి మీద పడేది. "నీ బెల్లు పాడుగాను, వండిందంతా ఏం చేసుకోనయ్యా?"

"నన్నడిగి పోతారటే వాళ్లు?" అనేవాడాయన.

కంకిపాడు రోడ్డంతా అపార్ట్‌మెంట్లయ్యాయి. వాటిల్లో ఉండేవాళ్ల పిల్లలు ప్రైవేటు స్కూళ్ల పచ్చ బస్సుల్లో పోతారు. మా బడికొచ్చేది వాటికి ఇటుకలు మోసేవాళ్ల పిల్లలు, వాచ్‌మెన్ల పిల్లలు. పొద్దున ఉత్త టీ తాగి వచ్చేవాళ్లే ఎక్కువ. అది రావమ్మకి తెలుసు. తనూ ఆ బళ్ళోనే చదివి, మధ్యలో మానేసి నాట్లకి పోయిన మనిషి. "చదువు ఫెయిలు, వంట పాసు" అని తన మీద తనే జోకేసుకునేది.

మొన్న వానల్లో ఆమెకి జ్వరం పట్టుకుంది. డెంగ్యూ అన్నారు. ఆదివారం పోయింది. సమాధుల దొడ్డిలో మన్నేసి వచ్చి, మర్నాడే డ్యూటీకొచ్చాడు నతానియేలు. ప్రేయరవగానే హెడ్మాస్టరు వెంకటకృష్ణారావు గారి దగ్గరికెళ్లాడు.

"సార్, రావమ్మకి లాంగ్ బెల్లు కొడతానండి."

ఆయన చెడ్డవాడేం కాదు. "అది స్టాఫ్‌కీ, ఊరిపెద్దలకే కదయ్యా. వంటవాళ్లకి ఎప్పుడూ ఇవ్వలేదు. ప్రేయర్లో మౌనం పాటించాంగా?"

"మౌనం ఎవరికి వినపడుద్దండి?"

హెడ్మాస్టరు తల దించుకుని అటెండెన్సు రిజిస్టరు తెరిచాడు.

చదువైపోయి నేనిప్పుడు పనిచేసే సెల్ షాపు స్కూలు గేటుకి ఎదురే. లంచ్ బెల్లు నాలుగు దెబ్బల్లో అయిపోద్ది. ఆ రోజు ఆగలేదు. మర్చిపోయి కాదు, కావాలనే కొట్టాడు. ఒళ్లంతా ఊగిపోతా కొట్టాడు. "నతానియేలూ, ఆపు!" అంటూ హెడ్మాస్టరు వరండాలోకొచ్చి, అక్కడే నిలబడిపోయాడు.

రోడ్డు మీద ఒకాయన బండి స్లో చేశాడు. "ఎవరబ్బా పోయింది?"

"రావమ్మండి," అన్నాను.

"ఏ రావమ్మ?"

"బళ్ళో అన్నం పెట్టే రావమ్మ."

"అయ్యయ్యో," అని ఇంజను ఆపేశాడు.

అప్పుడు లేచింది లోపల్నించి, "హే!" అని.

నతానియేలు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వంటషెడ్డు ముందు కొత్తావిడ సాంబారు గిన్నె పట్టుకుని అయోమయంగా చూస్తోంది. పిల్లలు అటు చూడను కూడా చూడలేదు. ఆయన సుత్తి పడేసి గేటుకడ్డంగా పరిగెత్తాడు. రెండు చేతులూ చాపాడు.

"తిని పొండ్రా... ఒరే, తిని పొండ్రా..."

 పిల్లలు ఆయన చేతుల కింద నుంచి దూరి, నవ్వుకుంటా, తినకుండానే రోడ్డెక్కారు.